పగడపు తునక

హైదరాబాదుకు సముద్రం లేదు. అలల చప్పుడు వినాలంటే ఈ నగరవాసి మచిలీపట్నం దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అయినా దేశంలో ఏ మూలనైనా హైదరాబాదు పేరెత్తితే ముందుగా తలపునకు వచ్చే వస్తువుల్లో ముత్యం ఒకటి. ఆ ముత్యం పక్కనే, దాని కీర్తి నీడలో అణగిమణగి ఉండే మరో సముద్రపు సరుకు పగడం. చార్మినారు దగ్గర బయలుదేరి, గుల్జార్ హౌజ్ దాటి, మదీనా కూడలి వైపు నడిచేవారికి ఈ రెండూ దుకాణాల అద్దాల వెనుక అడుగడుగునా కనిపిస్తూనే ఉంటాయి.

ఆ బజారు పేరు పత్తర్‌గట్టి. చార్మినారు 1591 నాటిది. ఈ రాతి కమానుల వరుస మాత్రం అంత పాతది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, నగరాన్ని తిరిగి తీర్చిదిద్దడానికి ఏర్పడిన అభివృద్ధి మండలి చేపట్టిన పనుల్లో ఇదొకటి. ఎండకూ వానకూ చెక్కుచెదరని ఆ కమానుల కింద కూర్చుని, సముద్రాన్ని ఎన్నడూ చూడని వర్తకులు సైతం సముద్రగర్భంలో పుట్టిన వస్తువుల మంచిచెడ్డలను ఒక్క చూపులో తేల్చిచెప్పగలరు.

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఇక్కడికి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. పుస్తెలతాడుకు నల్లపూసలతోపాటు పగడాన్నీ ముత్యాన్నీ చేర్చి గుచ్చుకునే ఆచారం తెలుగువారి ఇళ్లలో చాలాచోట్ల ఉంది. కొత్తవి కొనేవారు కొందరైతే, తెగిపోయిన పాత పేరును తిరిగి గుచ్చించుకోవడానికి వచ్చేవారు మరికొందరు. అలా వచ్చినవారు కొంగుముడి విప్పి, ఎర్రని తునక ఒకటి బల్లమీద పెట్టి అడిగే ప్రశ్న తరతరాలుగా ఒక్కటే.

"సేట్, ఇది మా నాయనమ్మది. అసలు పగడమేనా?"

ఆ ప్రశ్నలో డబ్బు లెక్క కొంతే. నాయనమ్మ మెడలో యాభై ఏళ్లపాటు మెరిసిన పూస ఉత్త గాజుముక్క అని తేలితే ఇంటిల్లిపాదీ చిన్నబోతారు. ఆమెను ఎవరో మోసగించారన్న బాధ ఆమె పోయిన తరువాత కూడా మనవరాలిని కుదురుగా ఉండనీయదు. అందుకే అనుభవమున్న వర్తకుడు తొందరపడి జవాబు చెప్పడు. "చూద్దాం తల్లీ" అంటూ భూతద్దం అందుకుంటాడు.

అతడు మొదట వెతికేది గీతల కోసం. నిజమైన ఎర్ర పగడపు కొమ్మ మీద నిలువునా, ఒకదాని పక్కన ఒకటిగా, వెంట్రుకవాసి సన్నని గీతలు సాగి ఉంటాయి. కొమ్మను అడ్డంగా కోసి చూస్తే చెట్టుమొద్దులో వలె వలయాలు కనిపిస్తాయి. గాజులో ఇవేవీ ఉండవు; పైగా లోపల చిక్కుకుపోయిన గాలిబుడగ ఒకటి బయటపడి గుట్టు రట్టు చేస్తుంది. ప్లాస్టిక్ పూస అరచేతిలో పడగానే తన తేలికదనంతో తానే దొరికిపోతుంది. పగడం నీటికన్నా రెండున్నర రెట్లకు పైగా బరువైనది. తాకితే చల్లగా ఉంటుంది. అయితే గట్టిదనంలో అది రత్నాల వరుసలో నిలబడలేదు. మోస్ కొలమానంలో వజ్రానికి 10 అంకె ఉంటే పగడానికి 3కూ 4కూ నడుమ చోటు దొరికింది. గాజు దానిని గీయగలదు, అది గాజును గీయలేదు. నవరత్నాల్లో చేరినా అది రాయి కాదు.

గాజునూ ప్లాస్టిక్‌నూ పట్టుకోవడం సులభం. పగడమే పగడానికి మారువేషం వేసినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. వెదురుగడలా కణుపులు కణుపులుగా పెరిగే పగడం ఒకటుంది. దాని పేరే వెదురు పగడం. తెలుపూ బూడిద రంగూ కలిసిన దాని అస్థిపంజరాన్ని తెల్లబరచి, ఎర్రరంగులో నానబెట్టి విపణిలోకి వదులుతారు. అదీ సముద్రంలో పుట్టినదే, అదీ కాల్షియం కార్బనేటే. గీతలు కూడా ఉంటాయి, కాకపోతే ముతకగా, ఎడంగా ఉంటాయి. ఇటువంటి తునక చేతికి వచ్చినప్పుడు వర్తకుడు పూస నడుమనున్న రంధ్రంలోకి తొంగిచూస్తాడు. అద్దకపు రంగు ఆ రంధ్రం అంచుల్లోనూ పగుళ్లలోనూ పేరుకొని మిగతా చోట్లకన్నా ముదురుగా ఉంటుంది. గోళ్లరంగును తుడిచే ద్రవంలో దూదిని ముంచి అద్దితే దూది ఎర్రబడుతుంది.

పాలలో వేసినప్పుడు పాలు ఎర్రబడితేనే అది మేలైన పగడమన్న నమ్మకం ఒకటి జనంలో ఉంది. రంగు వదులుతున్న వస్తువును అనుమానించవలసింది పోయి మెచ్చుకోవడం విచిత్రమే. పలుచని ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుందన్న పరీక్ష నిజమే గానీ, శంఖమూ పాలరాయీ కూడా అలాగే పొంగుతాయి. పైగా ఆ చుక్క పడిన చోట నాయనమ్మ పూస మెరుగు శాశ్వతంగా పోతుంది. మంచి వర్తకుడు ఆ పరీక్ష జోలికి పోడు.

ఇంతకీ ఈ ఎర్ర పగడం ఎక్కడిది? మన సముద్రాలది కాదు. ఆభరణాలకు పేరుపడిన మేలిమి పగడం పుట్టిల్లు మధ్యధరా సముద్రం. ఇటలీ, ఉత్తర ఆఫ్రికా తీరాల వెంబడి, వెలుతురు సరిగా చొరబడని రాతి గుహల్లో అది పెరుగుతుంది. అక్కడివారికి భారతదేశపు ముత్యం మీద ఎంత మోజో, భారతీయులకు పగడం మీద అంత మోజు అని క్రీస్తుశకం ఒకటవ శతాబ్దంలోనే రోమన్ పండితుడు ప్లినీ రాసిపెట్టాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం చెల్లించవలసిన సరుకుల జాబితా ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టుదారం వంటి వాటి మధ్య పగడమూ కనిపిస్తుంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాగేసుకునే పాత పద్ధతిని మాన్పించి వర్తకులకు ధైర్యం చెప్పిన శాసనమిది. అంతటి ప్రమాదాన్ని దాటుకొని వచ్చిన సరుకుల్లో పగడమూ ఒకటన్నమాట.

గోలకొండ వజ్రాలకూ పగడానికీ ఉన్న బంధుత్వం ఇంకా ఆసక్తికరమైనది. 17, 18 శతాబ్దాల్లో ఇటలీలోని లివోర్నో రేవు నుంచి యూదు వర్తకులు మధ్యధరా పగడాన్ని గోవాకు పంపి, బదులుగా వజ్రాలు తెప్పించుకునేవారు. లండన్ వర్తకులు మద్రాసు రేవుతో ఇదే వ్యాపారం సాగించారు. చెన్నై జార్జిటౌనులో పగడాల వర్తకుల పేరు మీద నేటికీ ఒక వీధి ఉంది. అటు వెళ్లిన వజ్రాల్లో కృష్ణాతీరపు గనులవి ఎన్నో ఉన్నాయి. నేలను తవ్వి తెలుగువారు వజ్రాన్ని ఇస్తే, సముద్రాన్ని గాలించి మధ్యధరావారు పగడాన్ని ఇచ్చారు. వజ్రాలు రాజుల కిరీటాలకు చేరాయి. పగడాలు పేదింటి ఇల్లాలి పుస్తెలతాడుకు సైతం చేరాయి. వీటిలో ఎక్కువమంది జీవితాల్లో చోటు సంపాదించుకున్నది ఏదో చెప్పడం కష్టం కాదు.

పగడం జాతి ఏమిటన్నది మనిషిని చాలాకాలం తికమకపెట్టింది. సంస్కృతంలో దానికి విద్రుమం అని పేరు. ద్రుమమంటే చెట్టు, విశిష్టమైన చెట్టు అన్నమాట. ప్రవాళమన్న మాటకు చిగురు అనే అర్థమూ ఉంది. కొమ్మలు వేసి పెరిగే వస్తువును మొక్క అనుకోవడం సహజమే. 1706లో మార్సిలీ అనే ఇటలీ పండితుడు అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రపు నీళ్లున్న గాజుపాత్రలో ఉంచాడు. కొంతసేపటికి ఎర్రని కొమ్మంతటా తెల్లని పూలు విచ్చుకున్నాయి. పూలు కనబడ్డాక ఇక సందేహమేముంది? పగడం మొక్కేనని లోకం నిశ్చయించుకుంది.

ఆ పూలను మరింత శ్రద్ధగా చూసినవాడు మార్సెయ్ నగరానికి చెందిన యువ వైద్యుడు పేసోనెల్. 1720లలో ఫ్రాన్సు తీరంలోనూ, తరువాత ఉత్తర ఆఫ్రికా తీరంలోనూ పగడం తీసే జాలరుల వెంట తిరిగి, అతడు అదే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేశాడు. తాకితే ఆ పూలు ముడుచుకున్నాయి. నీరు నిలకడగా ఉన్నప్పుడు మళ్లీ చేతులు చాచాయి. చచ్చిన తరువాత వాటి నుంచి వచ్చినది కుళ్లిన మాంసపు వాసన. ఇవి పూలు కావు, ప్రాణులు అని అతడు పారిస్ విజ్ఞాన పరిషత్తుకు విన్నవించాడు. ఆనాటి మహా పండితుడు రెయొముర్ ఆ వాదనను ఒప్పుకోలేదు. దానిని సభలో ప్రస్తావించినప్పుడు పేసోనెల్ పేరు చెప్పకుండా దాచాడు. ఇంత అసంబద్ధమైన మాట అన్న యువకుడు నవ్వులపాలు కాకూడదన్న దయతో చేసిన పని అది! దయ కూడా ఒక్కొక్కసారి ఎంత అన్యాయం చేయగలదో చూడండి.

1740 ప్రాంతంలో ట్రెంబ్లీ అనే మరో పరిశోధకుడు మంచినీటి హైడ్రాను పరిశీలించి, మొక్కలా కనిపించే జంతువులు ఉండగలవని లోకానికి చూపించాడు. అప్పుడు పండితులు సముద్రతీరానికి పరుగెత్తి పగడాన్ని మళ్లీ చూశారు. రెయొముర్ తన పొరపాటును అంగీకరించి, దాచిన పేరును బయటపెట్టాడు. అప్పటికి పేసోనెల్ ఎక్కడో కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో వైద్యం చేసుకుంటున్నాడు. అతని పరిశోధన సారాంశం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1750ల తొలినాళ్లలో అచ్చయ్యింది. 1759లో ఆ దీవిలోనే అతడు కన్నుమూశాడు.

మార్సిలీకి కనబడిన తెల్లని పూలకు నేటి జీవశాస్త్రంలో పాలిప్‌లు అని పేరు. ఎర్ర పగడపు పాలిప్‌కు ఈకల వంటి ఎనిమిది స్పర్శకాలుంటాయి. వేలాది పాలిప్‌లు కలిసి కట్టుకున్న ఉమ్మడి వెన్నెముకే నగల్లో చేరే ఎర్రని కొమ్మ. దాని మందం ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగదు. ఒక సెంటీమీటరు లావు కావడానికి సుమారు ముప్పై నలభై ఏళ్లు పడుతుంది. నాయనమ్మ మెడలోని పెద్ద పూస ఆమె మెడకు చేరకముందే ఒక మనిషి యౌవనమంత కాలాన్ని నీటి అడుగున గడిపిందన్నమాట.

పత్తర్‌గట్టికి వచ్చేది ప్రాణం పోయిన పగడం. బతికున్న పగడాన్ని గాజుతొట్టిలో పెంచే ముచ్చట ఇటీవలి కాలానిది. హైదరాబాదు వంటి చోట అది చాలా ఖరీదైన, చాలా ఓపిక కావలసిన ముచ్చట. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల చొప్పున సముద్ర లవణాలు కలపాలి. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటినా తొట్టిలోని నీరు ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీల దగ్గరే నిలవాలి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కొన్ని గంటలు రాకపోతే ఏళ్ల శ్రమ ఒక్క పూటలో మట్టిపాలవుతుంది.

ఇటువంటి తొట్టెలో అప్పుడప్పుడు ఒక వింత జరుగుతుంది. అలంకారానికి వేసిన రాతి మూల నుంచి, ఎవరూ తెచ్చి పెట్టని తునక ఒకటి తలెత్తుతుంది. వేలిగోరంత ఉంటుంది. దానికి పేరు లేదు, చీటీ లేదు. అది అందమైన పగడం కావచ్చు, తొట్టె మొత్తాన్ని ఆక్రమించే కలుపు కావచ్చు, ఇంటివారికి అపాయం తెచ్చే విషజీవి కావచ్చు. అప్పుడు ఆ ఇంట పుట్టే ప్రశ్న పత్తర్‌గట్టి బల్లమీది ప్రశ్నకు తోబుట్టువే: ఇది ఏమిటి?

రంగును చూసి పేరు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది మోసపోయే దారి. ప్రవాళభిత్తికలను కట్టే పగడాల పచ్చదనమూ గోధుమ వన్నెలూ చాలావరకు వాటి కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలవి. ఆ శైవలాలు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో అధికభాగం పగడానికి ఇస్తాయి. పగడం వాటికి ఇల్లిస్తుంది. తొట్టెలో దీపం మార్చితే చాలు, కొన్ని వారాల్లో అదే పగడం వేరే రంగుకు తిరుగుతుంది. నీరు వేడెక్కితే ఆ శైవలాలు వెళ్లిపోయి పగడం పాలిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన దేశపు ప్రవాళభిత్తికల్లో జరిగినది అదే. సముద్రం లేని ఈ హైదరాబాదు నుంచే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ఆ పాలిపోవడం గురించి 2011 నుంచి ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉపరితల వేడిని గమనిస్తూ అండమాన్, నికోబార్, లక్షద్వీపాలు, మన్నారు, కచ్ సింధుశాఖల పగడాలకు అది ఇక్కడినుంచే కావలి కాస్తోంది.

రంగు పనికిరానప్పుడు ఏది పనికొస్తుంది? ఓపిక. చాలా పగడాలు పగలు ముడుచుకొని, రాత్రి దీపాలార్పిన తరువాత పాలిప్‌లను చాస్తాయి. మసక వెలుతురులో భూతద్దం పట్టుకొని స్పర్శకాలను లెక్కపెట్టాలి. ఈకల్లా చీలిన ఎనిమిది కనబడితే అది ఎర్ర పగడానికి దూరపు చుట్టం. నున్నగా, ఆరు గుణిజాల్లో ఉంటే రాతి పగడాల వైపో, సీఅనిమోన్ల వైపో చూడాలి. కింద గట్టి కప్పు ఉంటే రాతి పగడం. గట్టిదనం లేక, గాజుగొట్టంలా పారదర్శకంగా ఊగుతూ ఉంటే అది ఐప్టేసియా అనే సీఅనిమోన్. తుంచి పారేద్దామనుకుంటే మిగిలిన ప్రతి ముక్కా మరొకటిగా లేస్తుంది. బొత్తాముల్లా గుంపుగా పరచుకొని, అంచున పొట్టి స్పర్శకాలుంటే జోయాంథిడ్‌లని అనుమానించాలి. వాటిలో కొన్నింట పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. శుభ్రం చేద్దామని ఆ రాతిని వేడినీళ్లలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవారు లోకంలో ఉన్నారు. పేరు తెలియని తునకను ఒట్టిచేత్తో గోకరాదు, ఎన్నడూ మరిగించరాదు.

రాతి పగడమని తేలిన తరువాత కూడా పూర్తి పేరు అంత సులభంగా దక్కదు. ఒకే జాతి పగడం అలల తాకిడి ఉన్నచోట పొట్టిగా, దట్టంగా పెరుగుతుంది. నిలకడ నీటిలో సన్నని కొమ్మలు సాచుతుంది. అందుచేత నిపుణులు ఆకారాన్ని వదిలి, పాలిప్ కూర్చున్న గిన్నెనూ, దాని లోపల చక్రపు ఆకుల్లా నిలిచిన పలకలనూ సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ గిన్నె స్పష్టంగా కనబడాలంటే పైనున్న మాంసాన్నంతా తొలగించాలి. అంటే దానిని చంపాలి. జన్యుపరీక్షతో తేల్చవచ్చు కదా అంటే, ఇతర జంతువులను వేరుచేసి చూపే మైటోకాండ్రియా జన్యువులు పగడాల్లో అతి నెమ్మదిగా మారుతాయి. దగ్గరి జాతులు ఒకేలా కనబడి పరీక్షకుణ్ణి వెక్కిరిస్తాయి. పూర్తి పేరు కోసం ప్రాణం తీయాలా, సగం పేరుతో బతకనివ్వాలా అన్నది తొట్టె ముందు కూర్చున్నవాడు తేల్చుకోవలసిన విషయం. సగం పేరు చాలునని ఊరుకున్నవాడే పగడాన్ని నిజంగా ప్రేమించినవాడు.

అయితే ఏమిటన్న ప్రశ్నకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇది ఎక్కడిది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో ప్రవాళభిత్తికలను కట్టే రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలనూ, అగ్ని పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ చేర్చారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడూ ఆ రక్షణ తొలగలేదు. అంటే చట్టం దృష్టిలో పులికెంత విలువో వేలిగోరంత రాతి పగడానికీ అంతే. మన సముద్రంలో దానిని విరిచి తెచ్చినవారికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. రామేశ్వరం యాత్రకో అండమాన్ విహారానికో వెళ్లి, ఒడ్డున దొరికిన తెల్లని పగడపు ముక్కను జ్ఞాపకంగా సంచిలో వేసుకొనేవారికి ఈ సంగతి తెలియదు. పత్తర్‌గట్టిలో అమ్ముడయ్యే మధ్యధరా ఎర్ర పగడాన్ని ఈ జాబితా పేరు పెట్టి చెప్పలేదు. గాజుతొట్టెలోని రాతి పగడం మాత్రం జాబితాలో మొట్టమొదటి వరుసలోనే ఉంది.

కాబట్టి తొట్టె యజమాని తన పుస్తకంలో రాసుకోవలసిన మొదటి పంక్తి ఆ తునక పేరు గురించి కాదు. ఆ రాయి ఎవరి దగ్గర కొన్నది, ఏ తేదీన, వారు దానిని ఏ సముద్రం నుంచి తెప్పించారు, అందుకు రసీదు ఉన్నదా అన్నవి ముందు రావాలి. ఆ తరువాత రాత్రిపూట లెక్కించిన స్పర్శకాల సంఖ్య, గిన్నె వెడల్పు మిల్లీమీటర్లలో, వారం వారం తీసిన ఛాయాచిత్రాలు. పేరు రాయవలసిన గడిలో తెలిసినంతవరకే, పెన్సిలుతో.